లావు పిన్ను

మా ఆఫీసులో ఆవిణ్ణి అందరూ కీళ్ళక్క అనేవాళ్ళు. నాకంటే ఆరేళ్ళు చిన్నది, అయినా నేనూ అక్కా అనే పిలిచేవాణ్ణి. ఆవిడ నన్ను అన్నా అనేది. మీ ఇద్దరిలో ఎవరు పెద్దో ముందు తేల్చుకోండి అని మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. నేను ఫిట్టర్ని. ఇనుముకి బెజ్జం వేసి, పిన్ను దిగ్గొట్టి నిజం కీలు చేసేది నేను. ఆ కీలు బరువు మోస్తుందో లేదో, చేయకముందే కంప్యూటర్లో చూసి చెప్పేది ఆవిడ. పన్నెండేళ్ళు ఒకే కప్పు కింద పనిచేశాం. నాకు కోపం ఎక్కువ, నోరూ ఎక్కువే. అలాంటి నన్ను కూడా ఆవిడ లెక్క చూపించి కూర్చోబెట్టేసేది. అలాంటి మనిషిని ఇంట్లోవాడే ఎలా మోసం చేశాడో చెప్పాలని ఇది రాస్తున్నాను. చెప్పకపోతే నాకు తిన్న అన్నం ఒంటబట్టేలా లేదు.

ఆవిడ మొదట కంప్యూటర్ ఆటలు తయారుచేసే కంపెనీలో ఉండేది. ఆ ఆటల్లో సైనికుడికి గుండు తగిలితే మేడ మీంచి కింద పడాలి. పడేటప్పుడు మెడ, మోచేయి, మోకాలు నిజం మనిషికి వంగినట్టే వంగాలి. ఆవిడ చేరకముందు వాళ్ళ సైనికులు చచ్చాక కూడా నేల మీద గిలగిలా కొట్టుకుంటూనే ఉండేవాళ్ళట. ఒకడికైతే చెయ్యి భుజానికి జానెడు దూరం జరిగిపోయి గాల్లో ఊగుతూ ఉండేదట. ఆ కీళ్ళన్నీ ఆవిడ సరిచేసింది. పేరు అక్కడే పడింది. ఆరేళ్ళయ్యాక ఆ ఉద్యోగం మానేసి మా దగ్గరికి వచ్చింది. ఎందుకు మానేశావక్కా అంటే, "పడేవాళ్ళని రాసి రాసి విసుగొచ్చిందన్నా. లేపేవాటిని రాద్దామని వచ్చా" అంది.

మా కంపెనీ చేసేది లేవలేని మనుషుల్ని మంచం మీంచి కుర్చీలోకి మార్చే యంత్రాలు. కింద నాలుగు చక్రాలు, వాటి మీద ఒక స్తంభం, స్తంభానికి మోచేయిలా వంగే పొడుగాటి చెయ్యి, చేతి చివర మనిషిని కూర్చోబెట్టే బెల్టు. అంతే. చూడటానికి ఏమీ ఉండదు గాని, ఆ మోచేతి దగ్గర పిన్ను విరిగిందంటే బెల్టులో ఉన్నవాళ్ళ పని అయిపోయినట్టే.

చేరిన కొత్తలో ఒకసారి అడిగాను. "నా కీలైతే చేత్తో పట్టుకుని చూస్తా. నీ కీలు ఎక్కడుందక్కా?"

"కంప్యూటర్లో కీలంటూ ఏమీ ఉండదన్నా. రెండు ముక్కలుంటాయి. అవి వంగవు, సాగవు. ఈ రెండూ ఇక్కడ విడిపోకూడదు అని మనం పెట్టే షరతు ఒకటుంటుంది. ఆ షరతే కీలు."

తర్వాత ఓపిగ్గా చెప్పింది. సెకనుని వెయ్యి భాగాలు చేస్తారు. ఒక్కో భాగంలో ప్రతి ముక్కనీ దాని బరువూ దాని ఊపూ ఎటు లాక్కెళితే అటు పోనిస్తారు. వెంటనే షరతులు గుర్తుచేసి, విడిపోకుండా ఎంత బలంతో పట్టుకోవాలో లెక్కకట్టి, మళ్ళీ చోటుకి తీసుకొస్తారు. చిక్కేమిటంటే మోచేయి సర్దితే భుజం జారుతుంది, భుజం సర్దితే మోచేయి జారుతుంది. అన్ని కీళ్ళ దగ్గరికీ మళ్ళీ మళ్ళీ తిరిగిరావాలి. "ఉమ్మడి కుటుంబంలో కోడలి బతుకన్నా. ఒకళ్ళకి సర్దిచెప్పి వచ్చేసరికి ఇంకొకళ్ళు అలిగి కూర్చుంటారు" అని నవ్వింది. అలా పట్టుకోవడానికి ఎంత బలం పట్టిందో చూస్తే, నిజం యంత్రంలో పిన్ను ఎంత లావుండాలో తెలిసిపోతుంది.

ఈ పనిలో ఒక దొంగదారి ఉంది. లెక్కలో కీళ్ళు వణుకుతూ, బరువు అదేపనిగా ఊగుతూ మాట వినకపోతే, ప్రతి అడుగులోనూ ఊపుని ఒక పిసరు కోసేయొచ్చు. లేని రాపిడిని ఉన్నట్టు రాయడమన్నమాట. అప్పుడు తెర మీద అంతా పెద్దమనిషి తరహాలో నెమ్మదిగా కదులుతుంది. ఆటల్లో అది చెల్లుతుంది, అక్కడ పడేది బొమ్మ. మా యంత్రాల్లో ఆ కోత పెడితే బలం లెక్కలోంచి మాయమవుతుంది గాని ఇనుము మీద నుంచి మాయం కాదు. కీళ్ళక్కకి ఆ కోత పేరెత్తితేనే ఒళ్ళు మండేది.

దాన్ని పట్టుకోవడానికి ఆవిడ ఒక ఏర్పాటు చేసుకుంది. ఆఫీసు మూల పాత కంప్యూటరొకటి ఉండేది. దాని తెర మీద రెండు కడ్డీలు, ఒకదానికొకటి కీలుతో వేలాడుతూ, రాపిడి లేకుండా, గాలి లేకుండా ఊగుతూ ఉండేవి. దాన్ని ఊయల అనేవాళ్ళం. ప్రతి సోమవారం ఉదయం, అప్పటిదాకా అందరూ రాసిన కొత్త ప్రోగ్రాము వరుసలన్నీ కలుపుకుని, ఊయల దానంతటదే మళ్ళీ మొదటినుంచి ఊగేలా పెట్టింది. లెక్క నిజాయితీగా ఉన్నన్నాళ్ళూ అది ఆగకూడదు. కింద ఊపు ఎంత మిగిలిందో చెప్పే అంకె ఒకటి ఉండేది. దాని చివరి స్థానాలు కాస్త అటూ ఇటూ తొణికినా మొత్తం తగ్గకూడదు. ఆవిడ రోజూ వచ్చీరాగానే బ్యాగు కూడా దించకుండా ముందు ఊయలని చూసేది. ఆ తర్వాతే మా మొహాలు.

ఇక మరిది సంగతి. పెళ్ళయి ఆవిడ ఆ ఇంటికి వెళ్ళేసరికి అతనికి పదకొండేళ్ళు. మూడో ఏడు భర్త జబ్బుచేసి పోయాడు. పుట్టింటికి వచ్చెయ్యమని అందరూ అన్నా ఆవిడ వెళ్ళలేదు. అత్తగారినీ మరిదినీ చూసుకుంటూ అక్కడే ఉండిపోయింది. వాడికి లెక్కలు చెప్పింది, ప్రోగ్రాములు రాయడం నేర్పింది, చదువవగానే మా ఆఫీసులోకి తెచ్చి తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుంది. మేమంతా మరిదిగారూ అని ఆటపట్టించేవాళ్ళం. తెలివైనవాడే, ఒప్పుకోవాలి. ఎవరైనా కష్టమైన ప్రశ్న అడిగితే ఆవిడ నోరు మూసుకుని వాడివైపు చూసేది, వాడు చెబుతుంటే మురిసిపోయేది. ఆవిడ కంప్యూటర్ పాస్‌వర్డ్ వాడి పుట్టినరోజే. ఆఫీసులో అందరికీ తెలిసిన రహస్యం అది.

రెండేళ్ళ క్రితం అత్తగారికి పక్షవాతం వచ్చి ఒకవైపు పడిపోయింది. కీళ్ళక్కే ఎత్తి దించేది. ఒకరోజు పట్టు జారి ఇద్దరూ నేల మీద పడ్డారు. ముసలావిడ పడ్డచోటునుంచే, "ఊళ్ళోవాళ్ళ కీళ్ళన్నీ సరిచేస్తావు, మన ఇంటి కీళ్ళకే దిక్కులేదటే?" అందట. మర్నాడు ఈ మాట చెప్పి మమ్మల్ని నవ్వించి, ఆ మధ్యాహ్నమే కొత్త యంత్రానికి గీతలు మొదలుపెట్టింది. ఇరుకు గదుల్లో కూడా తిరగగలిగేది, ఆడమనిషి ఒక్కతే నడపగలిగేది. తొమ్మిది నెలలు పట్టింది. ఆ గీతలు చూసి వృద్ధుల సంరక్షణ కేంద్రాలు నడిపే సంస్థవాళ్ళు కేంద్రానికొకటి చొప్పున పన్నెండు కావాలన్నారు. మా పెద్దాయన, అంటే యజమాని, ఆవిణ్ణి అడక్కుండానే తేదీ చెప్పేశాడు. పదమూడోది కీళ్ళక్క ఇంటికి.

ఒక్క పరీక్ష మిగిలింది. నేల మీద పలకలకి అతుకులుంటాయి. మనిషిని బెల్టులో కూర్చోబెట్టి యంత్రాన్ని తోస్తుంటే అతుకు దాటినప్పుడల్లా చిన్న కుదుపు వస్తుంది. ఆ కుదుపులు బెల్టు ఊగే లయకి కలిశాయంటే, ఊగే పిల్లల్ని సరైన సమయానికి తోసినట్టే, ఊపు పెరుగుతూ పోతుంది. ఆ బరువంతా మోచేతి పిన్ను మీదే పడుతుంది. పదహారు మిల్లీమీటర్ల పిన్ను దానికి ఆగుతుందా లేదా అన్నదే తేలాలి. సరిగ్గా ఆ వారమే అత్తగారికి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. సోమవారం పొద్దున ఆస్పత్రిలో చేర్చారు. పది రోజులు కీళ్ళక్క ఆ మంచం పక్కనుంచి కదల్లేదు. పరీక్ష మరిదికి అప్పజెప్పింది.

ఆ ఆదివారం మరిది నాకు ఫోన్ చేసి షెడ్డుకి రమ్మన్నాడు.

"అన్నా, మా ఇంటి యంత్రానికి ఇరవై పిన్ను వెయ్యాలి. పిన్ను పట్టే బ్రాకెట్టు బెజ్జం పెద్దది చేసి పెట్టవా?"

"మిగతా పన్నెండింటికో?"

"వాటికి పదహారు చాలని లెక్క వచ్చిందన్నా. వదిన సంతకం కూడా అయిపోయింది. ఇది అమ్మకి కదా, కాస్త గట్టిగా ఉండనీ."

నేను సెలవు మానుకుని బెజ్జం వేశాను. వాడు దగ్గరుండి పిన్ను కొట్టించాడు. పైన మూత అన్నిటికీ ఒకటే కాబట్టి బయటికి తేడా తెలియదు. ఇంటికెళ్ళి మా పిల్లలతో, తల్లిని ఎలా చూసుకోవాలో ఆ మరిదిగారిని చూసి నేర్చుకోండిరా అని చెప్పాను. నా తెలివి అంత చక్కగా ఉంది.

బుధవారం యంత్రాలు వెళ్ళిపోయాయి. ఆ సాయంత్రమే అత్తగారిని ఇంటికి తెస్తే గదిలో కొత్త యంత్రం సిద్ధంగా ఉంది. బెల్టులో కూర్చుని గాల్లోకి లేచిన ముసలావిడ, ఇన్నాళ్ళకి నాకూ విమానం ఎక్కే యోగం పట్టిందే అందట. ఈ సంగతి చెబుతూ కీళ్ళక్క నవ్వుతూనే ముక్కు చీదింది. "వాడు ఒక్కడే అంతా చూసుకున్నాడన్నా. నేను లేకపోయినా పని ఆగలేదు" అంది ఫోన్లో. ఆ వారమంతా ఇంటి దగ్గరే ఉండి, సోమవారం ఆఫీసుకి వచ్చింది.

వచ్చి, అలవాటుగా బ్యాగుతోనే మూలకి వెళ్ళింది. పాత కంప్యూటర్ తెర ఆపేసి ఉంది. "ఎవరు ఆపారు దీన్ని?" అంటూ మీట నొక్కింది. నేను అప్పుడే కొలతల కాగితం కోసం లోపలికి వచ్చాను. తెర వెలిగింది. రెండు కడ్డీలూ నిటారుగా కిందికి వేలాడుతున్నాయి. కదలడం లేదు. కింద అంకె అట్టడుగుకి పడిపోయి ఉంది.

కీళ్ళక్క బ్యాగు దించింది. కుర్చీలో కూర్చుని, పాత వరుసలన్నీ తిరగేయడం మొదలుపెట్టింది. ఎవరు ఏ వరుస ఎప్పుడు రాశారో కంప్యూటర్లో నమోదై ఉంటుంది. అరగంటలో దొరికింది. ఒకే ఒక్క వరుస. ప్రతి అడుగులో ఊపుని పిసరంత కోసేది. పక్కన మరిది పేరు, ఆస్పత్రిలో చేరిన నాలుగో రోజు తేదీ. కీళ్ళ వణుకు తగ్గడానికి అని చిన్న వివరణ.

ఆ వరుస కొట్టేసి, ఊయలని కొత్తగా వదిలి, పరీక్ష మళ్ళీ నడిపింది. తెర మీద యంత్రం అతుకులు దాటుతోంది. ఒకటి, రెండు, మూడు. బెల్టు ఊపు పెరుగుతోంది. ఏడో అతుకు దగ్గర పదహారు పిన్ను మోయగల బలం దాటిపోయింది. పద్దెనిమిది పెట్టి చూసింది, పదకొండో అతుకు దగ్గర అదీ చాల్లేదు. ఇరవై పెడితే నిలబడింది. తర్వాత సంస్థవాళ్ళకి పంపిన నివేదిక తెరిచింది. కోత పెట్టిన లెక్కే అందులో ఉంది. చివర, సరిచూసినవారు అన్నచోట కీళ్ళక్క పేరు. ఆవిడ పాస్‌వర్డుతోనే పెట్టిన సంతకం.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎక్కడున్నాడు వాడు? రానియ్ చెబుతా" అని అరిచాను.

"అరవకన్నా. తప్పు చేశాడు, నిజమే. మోసం చెయ్యలేదు." అంది. "కీళ్ళు వణికి ఉంటాయి, గడువు దగ్గరపడిందని భయపడి ఉంటాడు. వరుస పెట్టి తీయడం మరిచిపోయాడు. నేను ఆస్పత్రిలో ఉన్నానని సంతకం కోసం నన్ను కదపలేదు. అంతే."

"అంతేనా?"

"అన్నా, కన్నతల్లిని తీసుకెళ్ళి అదే బెల్టులో కూర్చోబెట్టాడు. పిన్ను ఆగదని తెలిసినవాడు ఆ పని చేస్తాడా? నువ్వే చెప్పు. వాడికి తెలీదు. తెలీదన్నా."

అంటూనే ఇంటికి ఫోన్ చేయబోయింది, యంత్రం ముట్టుకోవద్దని పనిమనిషికి చెప్పడానికి. అంకెలు తప్పు నొక్కి మళ్ళీ మళ్ళీ మొదలుపెడుతోంది. చూడలేకపోయాను. ధైర్యం చెబుదామనుకున్నాను, నా నోటికి అదే పని కదా.

"అమ్మగారి గురించి కంగారు పడకక్కా. మీ ఇంటి యంత్రానికి ఏమీ కాదు. దానికి లావు పిన్ను నేనే వేశాను. మరిదిగారు దగ్గరుండి వేయించాడు."

ఆవిడ ఫోన్ కిందపెట్టింది.

"ఎప్పుడు?"

"మీరు ఆస్పత్రిలో ఉన్నప్పుడు. ఆదివారం."

"పద్దెనిమిదా?"

"కాదు, ఇరవై. ఇరవై అనే అడిగాడు."

అన్నాక గాని నాకు వెలగలేదు. తెర మీద ఇరవై పిన్నుతో యంత్రం ఇంకా అతుకులు దాటుతూనే ఉంది. ఆవిడ దానివైపు చూసింది, నావైపు చూసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. భర్త పోయిన రోజుల్లో కూడా ఇలా ఉండి ఉండదు అనిపించింది నాకు. అప్పుడు పోయినవాడు కావాలని పోలేదు కదా.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కేంద్రాల జాబితా ముందుపెట్టుకుని పన్నెండింటికీ తనే ఫోన్లు చేసింది. ప్రతి ఫోన్లోనూ ఒకటే మాట. "యంత్రం ఈ క్షణం నుంచి వాడకండి. లెక్క తప్పు. సంతకం నా పేరు మీద ఉంది, కాబట్టి తప్పు నాదని రాసుకోండి." మధ్యలో పెద్దాయన వచ్చి నీకు మతిపోయిందా అని కేకలేశాడు. ఆవిడ వినిపించుకోలేదు. తర్వాతి అంకె నొక్కింది. పెద్దాయన వెనక నేను నిలబడి ఉన్నాను, స్పానర్ చేతిలోనే ఉంది, ఆయన ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయాడు.

మరిది పదకొండు గంటలకి వచ్చాడు, చేతిలో రెండు టీలతో. వదిన వచ్చిందని తెలిసి ఆవిడకీ ఒకటి తెచ్చాడు. మూల ఊయల ఊగుతుండటం చూసి ఆగిపోయాడు.

"ఆ వరుస తీసేద్దామనే అనుకున్నా వదినా. కీళ్ళు మరీ వణుకుతుంటేనూ..."

"వణుకు సంగతి తర్వాత. అమ్మకి లావు పిన్ను ఎందుకు వేయించావు?"

వాడు నావైపు చూశాడు. నేను కళ్ళు తిప్పుకోలేదు.

"అమ్మ కదా వదినా."

"ఇరవై అని ఎలా తెలిసింది?"

టీ గ్లాసులు బల్ల మీద పెట్టాడు.

"నీ లెక్క నడిపి చూశా."

"కోత లేకుండానా?"

"ఊఁ." తర్వాత గబగబా మొదలుపెట్టాడు. "ఎవరికీ ఏమీ కాలేదు కదా వదినా. బ్రాకెట్లన్నీ పదహారుకే వచ్చాయి. మళ్ళీ బెజ్జాలు వేయాలంటే నెల పట్టేది. గడువు దాటితే నా మొహాన ఉమ్మేసేవాడు పెద్దాయన. వచ్చే నెల తనిఖీ అని చెప్పి అన్నిటికీ మార్చేద్దామనే..."

"నా లెక్కని నువ్వు నమ్మావురా." ఆవిడ గొంతు పెంచలేదు. "ఈ ఆఫీసులో అందరికంటే ఎక్కువ నువ్వే నమ్మావు. నమ్మి, ఆ నిజాన్ని మీ అమ్మకి దాచిపెట్టుకున్నావు. మిగతా పన్నెండు మందికీ అబద్ధం పంపించి, దాని కింద నా పేరు పెట్టావు."

అన్నేళ్ళలో అత్తగారిని ఆవిడ మీ అమ్మ అనడం నేను వినలేదు. వాడూ వినలేదనుకుంటాను, చెంప మీద కొట్టినట్టు వెనక్కి జరిగాడు. టీలు అలాగే చల్లారిపోయాయి.

యంత్రాలు పన్నెండూ వెనక్కి వచ్చాయి. నేనే విప్పాను. పదకొండు పిన్నులు బాగానే ఉన్నాయి. పన్నెండోదాన్ని తుడిచి వెలుగులో పెడితే వెంట్రుకంత బీట కనిపించింది. ఆ యంత్రం వెళ్ళిన కేంద్రంలో వసారా అంతా చిన్న చిన్న పలకలట. ఆ పిన్ను తీసుకెళ్ళి కీళ్ళక్క చేతిలో పెట్టాను. గోటితో బీట మీద ఒకసారి రాసి చూసి, ఊయల పక్కన పెట్టింది. ఇప్పటికీ అక్కడే ఉంది. మరిది ఆ వారమే ఎవరికీ చెప్పకుండా జారుకున్నాడు. వేరే ఊళ్ళో ఉద్యోగం వెతుక్కున్నాడట. ఇంటికి రాడు, తల్లికి మాత్రం ఆదివారాలు ఫోన్ చేస్తాడు. కీళ్ళక్క పాస్‌వర్డ్ మార్చింది. కొత్తది ఏమిటో ఎవరికీ తెలియదు.

నేను నెలకోసారి వాళ్ళింటికి వెళ్ళి యంత్రానికి నూనె వేసి వస్తాను. కిందటిసారి వెళ్ళేసరికి కీళ్ళక్క అత్తగారిని మంచం మీంచి లేపుతోంది. ముసలావిడ బెల్టులో కూర్చుని గాల్లోంచే పలకరించింది.

"ఏమయ్యా ఫిట్టరూ, నా విమానం ఎలా ఉంది?"

"గట్టిగా ఉందమ్మా."

"ఉండదూ మరి! నా కొడుకు దగ్గరుండి చేయించాడు. ఈవిడగారు ఎప్పుడు చూసినా ఆ లెక్కల్లోనే మునిగి ఉంటుంది. తల్లిని తల్చుకున్నది వాడొక్కడే."

నోరు తెరిచాను. కీళ్ళక్క నావైపు ఒక్క చూపు చూసింది, మూసుకున్నాను. ఆవిడ పిడి తిప్పుతూ, ఊపు రాకుండా, అత్తగారిని నెమ్మదిగా కుర్చీలోకి దించింది. బెల్టు కొక్కేలు ఒక్కొక్కటే విప్పింది.

"అవునత్తయ్యా, మీకు మాత్రం గట్టిగానే చేయించాడు" అంది.